ఆపరేషన్ వెనకతలుపు

ఉదయం తొమ్మిదీ అయిదుకు చీఫ్ టేబుల్ మీద ఒక ఫొటో పడేశారు. ఫొటోలో ఒక మనిషి లిఫ్టు గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నట్టున్నాడు. చొక్కా మీద మరక చూస్తేగాని అది కునుకు కాదని తెలియదు.

"మన అనలిస్టు," అన్నారు చీఫ్. "నిన్న ఆ కంప్యూటర్ పురుగు గుట్టు విప్పాడు. నాకు చెప్పడానికి పైకి వస్తూ లిఫ్టులోనే పోయాడు."

ఏజెంట్ ముంగిస ఫొటోను బోర్లించి పెట్టాడు. గూఢచారి సెక్షన్‌లో అతనికిది పద్దెనిమిదో ఏడు. పాముల పని పడతాడని ఆ పేరు పెట్టారు గాని, ఈ మధ్య పాములెక్కడా కనిపించడం లేదు. అన్నీ పురుగులే.

"ఎవరి పని?"

"వడ్రంగులది."

సరిహద్దు అవతలి ఆ ముఠాకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇంటివాళ్ళకు తెలియకుండా వాళ్ళ ఇంటికి వెనక తలుపు చెక్కిపెట్టడం వాళ్ళ వృత్తి. ముందు ఒక ట్రోజన్ వస్తుంది, ఉచితంగా దొరికిన ఆటలాగో క్యాలెండర్‌లాగో. చుట్టంలా నవ్వుతూ లోపలికొచ్చి, వెనక తలుపు గడియ తీసిపెడుతుంది. ఆ తలుపులోంచి వర్మ్ దూరుతుంది. దానికి ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో మకాం పెట్టి, పక్క కంప్యూటర్‌కు తనంతట తానే పాకిపోతుంది.

"నాలుగు లక్షల ఇళ్ళు," అన్నారు చీఫ్. "ఆఫీసులు కావు, కార్ఖానాలు కావు. మామూలు ఇళ్ళల్లోని మామూలు పర్సనల్ కంప్యూటర్లు. ఇవాళ పదకొండు గంటలకు అన్నీ ఒక్కసారే తుడిచిపెట్టుకుపోతాయి. ఫొటోలు, ఉత్తరాలు, పిల్లల చదువులు, అన్నీ."

"ఆపేదెలా?"

"వీటన్నిటికీ ఒక తల్లి మెషీన్ ఉంది. ఏం చెయ్యమంటావని పురుగులన్నీ క్షణక్షణం దాన్నే అడుగుతుంటాయి. అది ఎక్కడుందో కెంపుకు తెలుసు. తొమ్మిదీ యాభైకి కళ్ళజోళ్ళ షాపులో కలుస్తుంది."

"కెంపును నమ్మొచ్చా సార్?"

"ఆవిడ జీతం మన దగ్గరా తీసుకుంటుంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటుంది. చెప్పేదాంట్లో సగం నిజం, సగం అబద్ధం. ఏది ఏదో నువ్వే తేల్చుకో."

నెరిసిన గడ్డం, చేతికర్ర, వంగిన నడుముతో ముంగిస కళ్ళజోళ్ళ షాపులోకి అడుగుపెట్టాడు. లోపలి గదిలో కెంపు తెల్లకోటు వేసుకుని అక్షరాల బోర్డు పక్కన నిలబడి ఉంది. ఆ తెల్లకోటు కూడా ఆమె ఒంటి మీద పెళ్ళికి కుట్టించినట్టే ఉంది.

"దూరం బాగానే కనిపిస్తోందండీ. దగ్గరే ఆనడం లేదు," అన్నాడు ముంగిస. అది కోడ్.

"ఎన్నాళ్ళ నుంచో ఆని ఉండదు లెండి," అంది కెంపు. ఇదీ కోడే.

అతని ముక్కు మీద టెస్టు ఫ్రేము పెట్టి ఒక అద్దం బిగించింది. అద్దం లోపల సన్నటి అక్షరాలు వెలిగాయి. వీధి నంబరు, మూడో అంతస్తు, ఎడమ చేతి ఫ్లాట్. అది అతని అక్క ఇల్లు.

"అడ్రస్ తప్పు," అన్నాడు.

"తప్పు కాదు. చుట్టాల కంప్యూటర్లన్నీ నువ్వే బాగుచేస్తావటగా."

ఇంట్లోవాళ్ళకు అతను కంప్యూటర్ మెకానిక్. సెక్షన్ ఇచ్చిన కవర్ అది. కవర్ ఎంత గట్టిదంటే, పిన్ని మొదలుకొని వేలువిడిచిన మేనమామ దాకా ప్రింటర్ కదలకపోయినా అతనికే ఫోను. తల ప్రాణం తోకకొచ్చి, ఆఫీసులో కూర్చునే చూసుకుందామని అందరి కంప్యూటర్లకూ లోపలికి ఒక దారి పెట్టుకున్నాడు. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్.

"మావాళ్ళకు చెక్కే శ్రమ కూడా తప్పింది," అంది కెంపు. "తలుపు నువ్వే పెట్టావు. దూరారంతే."

ఆమె అద్దం మారుస్తూ గొంతు తగ్గించింది. "తీగ పీకావా, పురుగులు ఆ క్షణమే తుడవడం మొదలుపెడతాయి. డిస్కు ఊడదీసినా అంతే. ఆ మెషీన్ మీదే కూర్చుని 'గొళ్ళెం' అని కొట్టు. అన్ని ఇళ్ళల్లోనూ పురుగు చచ్చిపోతుంది. కాని సాక్ష్యం మిగలకూడదని మావాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. ఆ మాట కొట్టగానే ఆ మెషీన్‌లో ఉన్నదంతా బూడిదైపోతుంది."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు?"

"మా అమ్మకూ ఒక కంప్యూటర్ ఉంది. అందులో పేకాట తప్ప ఏమీ లేదు. అయినా ఉంది."

గోడ అద్దంలో, షాపు బయట ఇద్దరు మనుషులు కనిపించారు. ఒకే రకం బూట్లు వేసుకున్నారు. వడ్రంగుల మనుషులు, తన కోసం కాదు, కెంపు కోసం వచ్చారు. కెంపు కూడా వాళ్ళను చూసింది. తెల్లకోటు విప్పి, మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, జుట్టు సర్దుకుని ముందు గుమ్మంలోంచే బయటికి నడిచింది. ముంగిస వెనక గుమ్మంలోంచి పోయాడు. ఆమె కోసం చేయగలిగిందేమీ లేదని అతనికి తెలుసు, అందుకు సిగ్గూ పడ్డాడు.

ట్రాఫిక్ అతన్ని నమిలి వదిలేసరికి పదీ నలభై. మెట్ల మీదే గడ్డం పీకి జేబులో కుక్కుకున్నాడు. ఆ ఇంటికి వేషమెందుకు, అక్కడ అతని మొహమే వేషం.

అక్క తలుపు తీసింది. చెవిటి పిల్లల బడిలో టీచరు ఆవిడ. బావకు పుట్టుకతోనే వినపడదు, అదే బడిలో పెద్ద మాస్టారు. ఇద్దరూ కలిసి ఎనిమిదేళ్ళుగా సైగల నిఘంటువు తయారుచేస్తున్నారు. ఒక్కో మాటకు ఒక్కో వీడియో, మొత్తం నాలుగు వేలు, అన్నిటిలోనూ బావ చేతులే. వచ్చే నెల బడులన్నిటికీ పంపాలి. రెండేళ్ళ కిందట బావకు వణుకుడు జబ్బు వచ్చింది. అంతకుముందే వీడియోలన్నీ తీసేశాం, బతికిపోయాం అనుకుంటూ ఉంటుంది అక్క.

"అక్కా, నేను మెకానిక్‌ని కాదు."

"తెలుసురా. నువ్వు బాగుచేసిన ప్రతిసారీ ఇంకాస్త పాడయ్యేదిగా."

నిలబడే మొత్తం చెప్పాడు. ముఠా, పురుగు, పాస్‌వర్డ్, నాలుగు లక్షల ఇళ్ళు, గొళ్ళెం. అక్క అడ్డుతగలకుండా విని, భుజం తట్టింది.

"అయితే చూస్తావేంరా? కొట్టు. మావన్నీ కాపీ తీసి నీ దగ్గర పెట్టావుగా."

ముంగిస కంప్యూటర్ ముందు కూర్చుని, జేబులోంచి ఖాళీ పెన్ డ్రైవ్ తీసి గుచ్చాడు. అక్క ఆ డ్రైవ్ వంక చూసింది. ఎదుటివాళ్ళ మొహం చదవడం ఆవిడ వృత్తి. ఈసారి మొహం చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

"ఇప్పుడు తీస్తున్నావా?" అంది.

అతను ఫైళ్ళన్నీ ఒక్కసారే ఎంచి కాపీ నొక్కాడు. మొత్తం కాపీ కావడానికి ఆ ముసలి మెషీన్ మూడు గంటలంటోంది. చేతిలో ఉన్నవి పదిహేడు నిమిషాలు.

బావ ఏమైందని సైగ చేశాడు. అక్క చేతులతో చెప్పింది. ఆయన కాసేపు స్క్రీన్‌ను చూసి, కుర్చీ లాక్కుని బావమరిది పక్కన కూర్చున్నాడు. వేలితో తెర మీద పొడిచాడు. వరసగా కాదు, ఏరుకుందాం అని.

"నొప్పి," అంది అక్క. ముంగిస నొప్పిని డ్రైవ్‌లోకి లాగాడు. "ఆకలి. నీళ్ళు. భయం. వద్దు. ఒరేయ్, 'వద్దు' తప్పకుండా తియ్యి, అది లేకపోతే ఆడపిల్లలకు కష్టం. డాక్టరు. ఇల్లు. తప్పిపోయాను."

వెతికి లాగడానికి ఒక్కో మాటకు ఆరు సెకన్లు. తెర మీద బావ చేతులు, వణకనివి, నొప్పి అంటూ, నీళ్ళు అంటూ మెరిసి మాయమవుతున్నాయి. పదీ యాభై నాలుగు. బావ ఏదో మాట అడిగాడు. అక్కకు అర్థం కాలేదు. మళ్ళీ చేశాడు. వేళ్ళు ఎటో పోతున్నాయి. ముప్పయ్యేళ్ళుగా ఆ చేతుల మాట చదివిన అక్క, కళ్ళు చిట్లించి చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన మూడోసారి రెండు చేతులూ మూతి దగ్గర పెట్టుకుని, ముందు పళ్ళు బయటపెట్టాడు.

"ఉడుతా? ఇప్పుడా?"

ఆయన గట్టిగా తలూపాడు. చిన్న పిల్లలు మొదటి రోజు ఏడుపు మానేది ఆ సైగకేనట. ఉడుతను తీశారు. ఉడుత కోసం అరనిమిషం పోయింది, నాలుగైదు మాటలు పోయాయి.

పదీ యాభై తొమ్మిది. "నాన్న," అంది అక్క. "రేపు. నిజం."

నిజం సగం దాకా వచ్చింది.

"అక్కా, ఇక లేదు."

"నాకు తెలుసు. కొట్టు."

గొళ్ళెం అని టైప్ చేశాడు. ఒక్క క్షణం ఆగాడు. కెంపు చెప్పేదాంట్లో సగం అబద్ధమన్నారుగా చీఫ్, ఆ అబద్ధం బూడిదయ్యే సంగతే అయితే బావుణ్ణు. యాభై ఎనిమిదో సెకనుకు ఎంటర్ నొక్కాడు.

తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. ఎనిమిదేళ్ళు ఉన్న చోట ఒక్క ఫైలూ లేదు. కెంపు ఈసారి మొత్తం నిజమే చెప్పింది.

జేబులో ఫోను మోగింది. "నాలుగు లక్షల ఇళ్ళూ క్షేమం," అన్నారు చీఫ్. "వడ్రంగులు ఈపాటికి ఇంకో తలుపు చెక్కుతూనే ఉంటారనుకో. రిపోర్టులో రాయాలి, మనకేమైనా నష్టమా?"

"పాత కంప్యూటర్ ఒకటి సార్."

డ్రైవ్‌లో నూట అరవై రెండు మాటలున్నాయి. బావ ఆ డ్రైవ్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు, అది చిన్నగా అదురుతోంది. అక్క తమ్ముడికి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎదురుగా నిలబడి చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

"నువ్వు నిజంగా గొప్ప గూఢచారివేరా," అంది. "కాపీ తీశావా అని ఎనిమిదేళ్ళు అడిగాను, తీశానన్నావు. ఒక్కసారి కూడా దొరకలేదు."