అడుగుకో ముగ్గుగీత

తెల్లవారగానే కనకమహాలక్ష్మి ముగ్గుపిండి తీసుకుని, వాకిట్లోకి కాకుండా ఇంట్లోకే వెళుతుంది. మంచం దగ్గర్నుంచి బాత్‌రూం దాకా అడుగుకొకటి చొప్పున అడ్డంగా గీతలు గీస్తుంది. అరకు బజారులో ముప్పై ఏళ్ళు మిరియాల వ్యాపారం చేసిన భర్త రమణమూర్తికి పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది.

ఆ ఉదయం కొడుకు దుర్గాప్రసాద్ విశాఖ బస్సు దిగాడు. మూడు రోజుల క్రితం తల్లి ఫోన్ చేసి, "ఓసారి రారా, నావల్ల కావట్లేదు" అని పెట్టేసింది. అందుకే తండ్రి కోసం విశాఖలో ఓ కేర్ హోం చూసి మరీ వచ్చాడు.

తల్లి వంటింట్లో ఉంది. ఆ గీతలు చూడగానే అతనికి ఒళ్ళు మండింది. తడిగుడ్డతో అన్నీ తుడిచేశాడు.

"ఏటమ్మా ఇది? మందులు మాన్పించి భూతవైద్యం సేయిత్తన్నావా?"

"అయ్యో, ఎందుకు తుడిసీసావురా? మీ నాన్న లేచీ వేళయింది!"

"నాన్నని హోంలో పెడతాను. నీకు సూసుకోడం సేతకాదు."

ఆరేళ్ళుగా స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రి నాలుగుసార్లు లేచి పక్కకు తిప్పే మనిషిని అనాల్సిన మాటా అది? ఆమె బదులు చెప్పేలోపే రమణమూర్తి లేచి గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. కాళ్ళు నేలకు అంటుకుపోయాయి. ఒళ్ళు ముందుకు తూలుతోంది. ప్రసాద్ చెయ్యి పట్టి లాగాడు.

"లాగకురా, పడిపోతారు!" ఆమె ముగ్గుపిండి అందుకుని పరుగున వచ్చి భర్త ముందు గీత గీసింది. "ఏవండీ, ముగ్గు దాటండి."

కాలు లేచింది. ఇంకో గీత, ఇంకో అడుగు. నడుం వంచి వెనక్కి జరుగుతూ బాత్‌రూం దాకా నడిపించింది.

"ఇది డాక్టర్ సెప్పాడా అమ్మా?"

"ఎవరూ సెప్పలేదు. ఓనాడు కదల్లేక నిలబడిపోయిన మనిషి, వాకిట్లో ముగ్గు తొక్కకూడదని కాలెత్తి దాటారు. అదే పట్టుకున్నాను."

"మరి నావల్ల కావట్లేదని నువ్వంటే, నాన్నని తీసుకుపొమ్మనే అనుకున్నాను" అన్నాడు ప్రసాద్.

"ఒక్క పూట నిద్దరోదామని రమ్మన్నానురా!" ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది.

అతను తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. ఇకమీద నెలకి పది రోజులు నేనే సూసుకుంటాను. ముందు నువ్వు పడుకో."

ఆమె మంచం మీద వాలింది. "ఎనిమిదింటికి మాత్ర, తిండికి ముందే... నీళ్ళు గుక్క గుక్కగా..." చెబుతూ చెబుతూనే నిద్రలోకి జారిపోయింది.

ప్రసాద్ బాత్‌రూం నుంచి తండ్రిని ఒక్కో గీతా దాటిస్తూ నడిపించుకొచ్చి, "మాత్ర ఎక్కడుందమ్మా?" అన్నాడు.

రమణమూర్తి వణికే చెయ్యి కొడుకు నోటికి అడ్డం పెట్టాడు.

"లేపకురా" అన్నాడు.