సముద్రానికి చెప్పిన కొత్త అడ్రసు

"మా ఇంటికి తాళం ఏసింది మీరేనా మేడం?"

స్టెఫీ ఉలిక్కిపడింది. వాన అప్పుడే వెలిసింది. తుఫానుకి ఇళ్ళు పోయిన జాలరి కుటుంబాల కోసం కొండ పక్కన కట్టిన కొత్త కాలనీలో నరమానవుడు లేడు. రంగులతో సహా పూర్తయిన ఇళ్ళలో ఒక్క పొయ్యీ వెలగలేదు. అలాంటి చోట వెనకనుంచి మగ గొంతు వినబడితే, సైట్ ఇంజనీరైనా సరే, ముందు ప్రభువును తలుచుకుని తర్వాతే తిరిగి చూస్తుంది.

తిరిగి చూస్తే మనిషే. పైగా బాగున్నాడు. దాంతో ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

"నేనే వేశాను. ఇళ్ళు కట్టించుకుని దిగరు సరే, రోజూ లోపల ఎవరో తిరుగుతున్నారు. మీరేనా?"

"నానా? నానిక్కడికి రావడం ఇదే మొదలు. గంగరాజంటారు నన్ను."

"అయితే ఇది చూడండి."

కిటికీలోంచి చూపించింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల గచ్చు మీద తడి అడుగులు గది మధ్యదాకా వెళ్ళి ఆగిపోయాయి.

"వాన నీరు మేడం."

"వాన నీటికి వేళ్ళుంటాయా? ఎడమ కాలికి బొటనవేలు కూడా లేదు చూడండి. నిన్న పక్కింట్లో, మొన్న ఆ చివరింట్లో ఇవే అడుగులు."

గంగరాజు ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. లంగరు తాడు నలిపేస్తే వాళ్ళ నాన్నకి ఆ వేలు తీసేశారు. ఆ నాన్న తుఫానులో బోటుతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు.

ఆ రోజునుంచీ గంగరాజు సాయంత్రం వేట సామాను సర్దేసి కాలనీకి రావడం మొదలుపెట్టాడు. అడుగులు చూడ్డానికట! ఆమె ఫ్లాస్కులో టీ సగం తాగి, "మీ టీలో పంచదార నేదు మేడం" అని వంక పెట్టేవాడు. "మీకెవరు తాగమన్నారు?" అంటూనే స్టెఫీ రెండో గ్లాసు తేవడం మొదలుపెట్టింది. భయానికి తోడు కావాలి కదా, అని మనసుకి సర్దిచెప్పుకుంది. మనసు నమ్మలేదు.

ఇంతలో వాయుగుండం కబురు వచ్చింది. ఫిషింగ్ హార్బర్ పక్క పేటలో అంతా ఇంకా టార్పాలిన్ల కిందే ఉన్నారు. అలలు గంగరాజు తల్లి నూకాలు గుడిసె గడపదాకా వస్తున్నాయి. స్టెఫీ మనసు ఆగలేదు. నూకాలు దగ్గరకి పరుగెత్తింది.

"అమ్మా, కాలనీకి రండి. మీరు కదిలితే గానీ ఎవరూ కదలమంటున్నారు."

"సంద్రంలో పోయినోడి ఇల్లు ముందు మారాల తల్లీ. నేకపోతే ఆడు అందరి తలుపులూ తడతాడు. ఇప్పుడదే సేత్తన్నాడు."

"మరి మారండి!"

"ఆడికి సెప్పకుండా ఎలా ఒత్తాను? నాను మొగుడి పేరెట్టి పిలవకూడదు. మగాళ్ళు పిలిత్తే వేటకేమో అనుకుని ఇంకా లోపలికి పోతాడు. కూతురో కోడలో పిలవాల. నాకు ఇద్దరూ నేరు."

గుడిసె తాళ్ళు బిగిస్తున్న గంగరాజు తల వంచుకున్నాడు. గాలికి టార్పాలిన్లు టపటపా కొట్టుకుంటున్నాయి. పక్క గుడిసెలో పసిపిల్ల ఏడుస్తోంది.

"నేను పిలిస్తే వినరా?" అంది స్టెఫీ.

"మేడం, ఊరికే అనీకండి," గంగరాజు కంగారుపడ్డాడు. "పిలిత్తే ఆ ఇంటి కోడలే. పేటంతా సాచ్చికం."

"మేం చర్చికి వెళ్తామమ్మా. పరవాలేదా?"

నూకాలు ఆమెను ఎగాదిగా చూసింది. "సంద్రం అయ్యన్నీ అడగదు."

స్టెఫీ మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగింది. గొంతెత్తి పిలిచింది.

"మావయ్యా! ఇల్లు మారింది! కొండ పక్క, నీలం తలుపు. అత్తయ్య వచ్చేస్తోంది, మీరూ రండి!"

ఉన్నట్టుండి గాలి పడిపోయింది. ఒక్క అల, గోరువెచ్చగా, ఆమె కాళ్ళ మీదనుంచి ఒడ్డుకు వెళ్ళింది. వెనక్కి మాత్రం రాలేదు.

నూకాలు అన్నం గిన్నె చంకన పెట్టుకుని బయటకు వచ్చింది. ఆమె వెనక పేటంతా మూటలు కట్టడం మొదలుపెట్టింది.

"ముందు నువ్వు నడు కోడలా. నీ గొంతు పట్టుకునొత్తన్నాడు. ఎనక్కి సూడకు."

అత్తాకోడళ్ళు పక్కపక్కనే కొండ దారి పట్టారు. కాసేపటికి స్టెఫీ వెనక అడుగుల చప్పుడు వినిపించింది. గంగరాజే! ఎదురుగా చెప్పాలంటే సిగ్గు. వెనక్కి చూడకూడదు గనుక ధైర్యం వచ్చింది.

"ఇదిగో, ఇళ్ళ కోసం పిలిచాననుకుంటున్నావేమో. నువ్వంటే ఇష్టం, అందుకే పిలిచాను. మా నాన్నతో కూడా నేనే మాట్లాడతాను. నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

అడుగులు ఆగాయి. ఆమె కూడా ఆగి చెవి రిక్కించింది. వెనక మళ్ళీ నడక మొదలైంది.

మలుపు దగ్గర సామాను ఆటో ఆగి ఉంది. అందులోంచి గంగరాజు దిగి ఎదురొచ్చాడు.

"ఏటి మేడం, ఎవరితో మాట్లాడతన్నారు?"

స్టెఫీ ఒళ్ళు జలదరించింది. నూకాలు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మీ నాన్నతోటిరా. నువ్వంటే ఇష్టమని ముందు ఆడికే సెప్పింది. ఆడు ఒప్పుకున్నాడు. నేకపోతే మళ్ళీ నడుత్తాడా?"

గంగరాజు తల్లి వంకా, స్టెఫీ వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత ఏమీ అడగకుండా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.