ఉన్నదున్నట్టు రాసే ఫైల్

బొజ్జయ్యను పొద్దున ఆరున్నరకు, అతను దాక్కున్న ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఆ ఇల్లు ఎక్కడుందో కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియదు.

పదింటికల్లా ఏజెంట్ వెంకటకృష్ణ ఖమ్మంలోని రహస్య కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. మెడలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐడీ కార్డు. చెవిలో మినపగింజంత స్పీకర్. ముక్కు మీద కెమెరా దాచిన కళ్ళజోడు. అది చూసేదంతా హైదరాబాదులో చీఫ్ పద్మావతమ్మకు కనిపిస్తుంది.

"విదేశీ ముఠా డ్రోన్లతో అడవిల ఆయుధాలు దింపుతుంటే చూసినోళ్ళు ఇద్దరే," చెవిలో ఆమె గొంతు. "బొజ్జయ్య పోయిండు. జంపక్క మిగిలింది. చర్ల దిక్కు నుంచి వ్యాన్‌ల వస్తున్నది. అడ్రస్ ఎట్ల బయటికి పోయిందో జల్దీ తేల్చు. కోడ్ వర్డ్ కరక్కాయ."

సాక్ష్యం చెప్పమని జంపక్క గుడిసె ముందు కూర్చుని బతిమాలింది వెంకటకృష్ణే. "నీకేం కాదు, నాది పూచీ" అన్నాడు. ఆ మాట ఇప్పుడు అతన్ని లోలోపల తినేస్తోంది.

"కరక్కాయ ఉందా మేడమ్?" అని స్క్రీన్ల ముందున్న ఆమెను అడిగాడు.

"దగ్గుకేనా అండీ?" అంది ఇంజినీర్ ప్రసూన. పెనుబల్లి వైపు మనిషి. నెమలికంఠం రంగు పట్టుచీరలో, చూపు తిప్పుకోనివ్వని అందం. "సాక్షుల అడ్రస్‌లుండే సాఫ్ట్‌వేర్‌కీ వ్యాన్ సాఫ్ట్‌వేర్‌కీ పోయిన నెల పొసగలేదండీ. ఏది ఏమంటుందో చూద్దామని అన్నీ ఉన్నదున్నట్టు రాసే లాగ్ ఆన్ చేశాం. ఆపడం మర్చిపోయాం."

వెంకటకృష్ణ ఆ ఫైల్ తెరిచాడు. రెండు సాఫ్ట్‌వేర్లు పంపుకున్న ప్రతి రిక్వెస్టూ, దానికొచ్చిన ప్రతి రెస్పాన్సూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మామూలు స్క్రీన్ మీద చుక్కలుగా కనిపించే రహస్య కీ ఇక్కడ బాహాటంగా ఉంది. ఈ ఫైల్ చదివితే బొజ్జయ్య అడ్రస్ తెలుస్తుంది. ఆ కీ ఉంటే వ్యాన్‌ను ఎటైనా నడిపించవచ్చు.

చూస్తుండగానే కొత్త రిక్వెస్ట్ పడింది. వ్యాన్ రూటు మార్పు: ఎడమకు, అడవి బాట, ఆరు నిమిషాల దూరంలో వాగు. కింద వ్యాన్ జవాబు: 200 ఓకే. సరేనంది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. డ్రైవర్ శాటిలైట్ ట్యాబ్ చూపించినట్టే పోతాడు. వాగు దగ్గర ఎవరు కాచుకున్నారో అడగక్కర్లేదు.

అతను గబగబా పాత రూటు టైప్ చేసి పంపాడు. జవాబు: 401. కీ చెల్లదు.

"ఇప్పుడే నా ట్యాబ్‌లోంచి మార్చానండీ," అంది వెనక నుంచి ప్రసూన. మెడకు పిస్టల్ గొట్టం చల్లగా తగిలింది. "కొత్త కీ నాకొక్కదానికే తెలుసు. చేతులు పైకెత్తండి."

"బొజ్జయ్య నీకేం చేసిండు?"

"ఏమీ చేయలేదు. చూశాడు, అంతే," అంది ప్రసూన మామూలుగా.

వెంకటకృష్ణ చేతులెత్తాడు కానీ చూపు స్క్రీన్ మీదే ఉంచాడు. కీ మార్చడం కూడా ఒక రిక్వెస్టే. లాగ్‌కు అయినవాళ్ళూ కానివాళ్ళూ ఉండరు. ప్రసూన పంపిన కొత్త కీని కూడా ఉన్నదున్నట్టు రాసిపెట్టింది. నెల రోజులుగా ఊరందరి గుట్టూ చదివిన మనిషి, తన గుట్టూ అందులోనే పడుతుందని మరిచిపోయింది. అతను రెప్ప వేయకుండా ఆ వరుసనే చూశాడు.

"కనపడ్డది," అంది చెవిలో పద్మావతమ్మ. "పాత రూటు నేను పంపుతున్న. గార్డులు గూడ వస్తున్నరు. కదలకు."

నాలుగు నిమిషాలు. రెండు. వెంకటకృష్ణకు భయం వేసింది, తన ప్రాణం గురించి కాదు.

"ఇంకో నిమిషమండీ," అంది ప్రసూన.

స్క్రీన్ మీద పాత రూటు రిక్వెస్ట్ ప్రత్యక్షమైంది. జవాబు లేదు. ఇంకా లేదు. 200 ఓకే.

ప్రసూన కళ్ళు అటు తిరిగాయి. వెంకటకృష్ణ మోచేయి ఆమె మణికట్టును బలంగా కొట్టింది. పిస్టల్ నేల మీద పడేసరికి గార్డులు లోపలికొచ్చారు.

సాయంత్రం వ్యాన్ ఖమ్మం చేరింది. నడుం పట్టుకుని దిగుతున్న జంపక్కను చూసి అతనికి కళ్ళు చెమర్చాయి.

"గీ డ్రైవర్‌కు తొవ్వ తెల్వది సారూ," అందామె కోపంగా. "అడవిలకు తోలుకపోయి, వాగు కనపడంగనే మల్ల ఎనుకకు మలిపిండు. గిసొంటోని బండి ఎక్కిస్తవా నన్ను?"

"తప్పే జంపక్కా," అన్నాడు వెంకటకృష్ణ, మిగతా తిట్ల కోసం బుద్ధిగా నిలబడి.