పాత జిమ్‌లో నిచ్చెన

అమెరికా కొండల్లో కట్లర్ ఫోర్క్ అనే గని ఊళ్ళో పొద్దుగూకాక పాత జిమ్ వైపు ఎవరూ పోరు. కొండ దిగి గని రోడ్డెక్కాలంటే దాని పక్క సందే దగ్గర దారి. అయినా సరే, వంతెన మీదుగా చుట్టూ తిరిగిపోతారు గానీ ఆ సందులో కాలు పెట్టరు. కార్లో పోయేవాళ్ళు కూడా అక్కడికి రాగానే రేడియో ఆపి అద్దాలు బిగించుకుంటారు.

అక్కడ కనిపించేదేమీ లేదు. ఉన్నదంతా వినిపించడమే.

ముందు నిచ్చెన ఈడ్చిన చప్పుడు... చెక్క నేల మీద కర్ర్...మని. తర్వాత ఎవరో ఊపిరందక రొప్పుతున్నట్టు ఒక గురక. ఆపైన చాలాసేపు ఏమీ ఉండదు. చివర కత్తెర — కిచ్!

అంతే. తెల్లారేసరికి ఊళ్ళో ఒక చావు కబురు. అదీ ఎవరిదో కాదు, డెబ్భై ఒకటి నాటి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడినవాడిది.

"ముందు నిచ్చెన, తర్వాత చావు. ఎప్పుడూ ఇదే వరస" అంటుంది పెట్రోలు బంకులో డార్సీ, కాఫీ పోస్తూ. "మా అన్న చెవులారా విన్నాడు. ఆ పూట నుంచి మళ్ళీ తాగలేదు... ఒక వారం."

ఇప్పటి ఊరిని చూస్తే ఎవరూ నమ్మరు గానీ, ఆ జట్టుని కట్లర్ ఫోర్క్ నెత్తిన పెట్టుకుని మోసింది. గని రాత్రీ పగలూ నడిచే రోజులవి. మ్యాచ్ ఉందంటే మధ్యాహ్నానికే జిమ్ చుట్టూ జనం. గనిలోంచి పైకొచ్చినవాళ్ళు మొహమైనా కడుక్కోకుండా వచ్చి కూర్చునేవారు. చోటు దొరకనివాళ్ళు కిటికీలు పట్టుకుని వేలాడేవారు. ఆటగాళ్ళకి మంగలి షాపులో డబ్బు తీసుకునేవాడు కాదు. ఫ్యూగేట్ అనే కుర్ర కోచ్, అతనికింద పదకొండు మంది కొండ పిల్లలు... ఆ సీజన్లో ఆఖరి మ్యాచ్ దాకా సొంత నేల మీద ఒక్క ఆట ఓడలేదు.

ఆఖరి మ్యాచ్ కూడా అక్కడే. గెలిస్తే కాన్సాస్ సిటీలో జాతీయ పోటీలకి పోవచ్చు.

గెలిచినవాళ్ళు నిచ్చెనెక్కి, రింగుకి వేలాడే వలని తలా ఒక పోగు కోసుకుంటారు. చివరి పోగు కోచ్ కోసి వలంతా తీసుకుంటాడు. ఈ ఆటలో దానికి మించిన మర్యాద లేదు. కానీ ఆట ముగిసేదాకా నిచ్చెన బయటికి తీయకూడదు, అపశకునం. బాస్కెట్‌బాల్ ఆడే ఏ ఊళ్ళో చిన్నపిల్లనడిగినా చెప్తుంది.

ఆ రాత్రి ఆటలో నిమిషం కూడా మిగల్లేదు. ఆధిక్యం మనవాళ్ళదే. ఎవరు తెమ్మన్నారో గానీ... నిచ్చెన వచ్చింది. దాంతోపాటే కత్తెర, దానికి ఎర్ర రిబ్బను కూడా కట్టి ఉంది. జనం దాన్ని చూసి పిచ్చిగా అరిచారు. పిల్లల కళ్ళు దాని మీదికి పోయాయి.

బంతి చేజారింది. మళ్ళీ చేజారింది. హారన్ మోగేసరికి ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

నిచ్చెనని గోడకి ఆనించారు. తిరిగి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. తర్వాత కాలేజీవాళ్ళు రోడ్డవతల కొత్త జిమ్ కట్టారు. మరికొన్నాళ్ళకి గని మూతపడింది, దాని వెనకే కాలేజీ కూడా. పాత జిమ్‌లో నిచ్చెనా, ఆనాటి వలా అలాగే ఉండిపోయాయి. రింగుకి పన్నెండు కొక్కేలు. పదకొండు మంది ఆటగాళ్ళు, ఒక కోచ్. ఒక్కో చావుకి ఒక్కో పోగని ఊరు లెక్క కట్టుకుంది.

ఆ పదకొండు మందిలో ఒకడైన డెల్బర్ట్ భార్య ఓర్లీన్ మొదట్లో ఇవేవీ నమ్మలేదు. ఆనాడు జట్టుకోసం గంతులేసి అరిచిన అమ్మాయిల్లో ఆవిడ ఒకతె. జిమ్‌లో దెయ్యమంటే ఆవిడకి నవ్వొచ్చేది.

రెండేళ్ళ కిందట చర్చిలో పాటల ప్రాక్టీసు ముగించుకుని ఆ సందులోంచి వస్తుంటే వినిపించింది... కర్ర్... తర్వాత ఆ గురక. చెప్పులు చేత పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. ఇంట్లో డెల్బర్ట్ లేడు. ఎప్పటికో వచ్చి, చేపలకెళ్ళానన్నాడు.

"చేపలేవీ?"

"పడలేదు."

విన్నదంతా చెప్పింది. అతను దగ్గొచ్చేదాకా నవ్వాడు. తెల్లారి కబురొచ్చింది, ఆర్విల్ పోయాడని. జట్టులో ఇక మిగిలిన ఆటగాడు డెల్బర్ట్ ఒక్కడే.

"రెండు పోగులేనే ఓర్లీన్ వేలాడేది. నాదీ, కోచ్‌దీ" అన్నాడు శవానికి దండం పెట్టి వచ్చిన రోజు, ఏదో జోకు చెప్పినట్టు. ఆవిడ ఆ పూట నీళ్ళు కూడా ముట్టలేదు.

ఇప్పుడు డెల్బర్ట్ ముందు గదిలో మంచం మీదున్నాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. ముక్కులో గొట్టం, పక్కన రాత్రింబవళ్ళు బుసకొట్టే ఆక్సిజన్ మిషను, కాళ్ళ మీద ఆనాటి జట్టు కోటు. కోటు ఎర్రరంగు వెలిసి ఇటుకపొడి రంగుకొచ్చింది. తెలివి వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"ఆర్విల్ బంతి అందించేవాడు చూడూ... చూడకుండానే అందించేవాడే. వాడికి నేనెక్కడుంటానో తెలుసు."

"తెలుసు డెల్. పడుకో."

"ఆ జనం... ఆ అరుపులు... నీకు గుర్తున్నాయా?"

"నా గొంతు అక్కడే పోయిందిగా. మళ్ళీ రాలేదు."

అతను నవ్వబోయి రొప్పాడు. యాభై ఏళ్ళుగా ఆవిడ ఆ కథ వింటోంది. పెళ్ళి రోజు మరిచిపోయేవాడు గానీ ఆ సీజన్లో ఏ ఆటలో ఎవరు ఎన్ని వేశారో మరిచిపోడు. ఎన్నిసార్లు విసుక్కుందో. ఇప్పుడు ఇంకొక్క ఏడాది అదే కథ చెప్తానంటే కాళ్ళు పట్టుకునేలా ఉంది.

సాయంత్రం నర్సు వచ్చి చూసి, గుమ్మం దగ్గర నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. "ఇవాళో రేపో అమ్మా. దగ్గరే ఉండండి."

దగ్గరే ఉండాలని ఆవిడకీ తెలుసు. కానీ ఒకటే ఆలోచన బుర్రని తొలిచేస్తోంది. ముందు నిచ్చెన, తర్వాత చావు. ఎప్పుడూ ఇదే వరస.

మరి నిచ్చెన కదలకపోతే?

కూతురు మార్లాని మంచం పక్కన కూర్చోబెట్టింది. "నాన్న పెదాలు ఎండిపోతున్నాయి. బంకుకెళ్ళి ఐసు ముక్కలు తెస్తాను" అంది. బట్టలారేసే తాడు కోటు కింద దాచి, డెల్బర్ట్ గని టోపీకి ఉండే లైటు చేత పట్టుకుని బయటపడింది.

జిమ్ తలుపుకి గొలుసుంది గానీ తాళం లేదు. తోస్తే తెరుచుకుంది. లోపల బూజు వాసన, పావురాల రెట్ట వాసన. లైటు తిప్పింది. వంగిపోయిన చెక్కలు, కుర్చీల వరసలు, గోడ మీద వెలిసిపోయిన జెండాలు... అదిగో, రింగు. వల ఒక పక్కకి ఒరిగి రెండు కొక్కేల మీద వేలాడుతోంది.



గోడవారన నిచ్చెన. దాన్ని బయటికి మోసుకుపోయి ఏట్లో పడేద్దామనుకుంది. అది పైకి లేస్తేగా! చేసేది లేక తాడు తీసి కుర్చీల ఇనప కాలికి దాన్ని బిగించి కట్టింది. ముడి మీద ముడి వేసింది. లైటు ఆర్పి, కొస చేతికి చుట్టుకుని అక్కడే కూర్చుంది.

"రా..." అంది చీకట్లోకి. "ఎవరొస్తారో రండి. నేనిక్కడే ఉంటాను."

చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎంతసేపు గడిచిందో తెలీదు. ఒక్కోసారి ఆ పాత అరుపులు చెవుల్లో మోగినట్టుంది. మరుక్షణం పైకప్పు మీద గాలి తప్ప ఏమీ లేదు. అదే చోట, అదే గోడ పక్కన, పొట్టి గౌను వేసుకుని గంతులేసిన పిల్ల... ఆ పిల్లకి ఎవరైనా వచ్చి ఈ రాత్రి సంగతి చెప్తే పకపకా నవ్వి ఉండేది.

అప్పుడు... తలుపు కిర్రుమంది.

ఠక్. ఆగింది. మళ్ళీ — ఠక్.

ఏదో నేలని తడుముకుంటూ వస్తోంది. ఆకారం నేరుగా నిచ్చెన దగ్గరికే వచ్చింది. లాగింది. కర్ర్... తాడు చేతిలో బిగుసుకుంది. మళ్ళీ లాగింది.

"ఇవ్వను..." అంది ఓర్లీన్, తాడు తనవైపు గుంజుతూ. "డెల్‌ని ఇవ్వను. వెళ్ళిపో!"

ఆకారం ఆగిపోయింది.

"ఎవరది...? ఓర్లీనా?"

లైటు వేసింది. ఎదురుగా చేతికర్ర, మోకాళ్ళ దాకా కోటు, తడి కళ్ళు. ముసలి ఫ్యూగేట్!

"కోచ్!" ఆవిడకి నవ్వొచ్చేసింది. "అయ్యో కోచ్, మీరా దెయ్యం! ఊరంతా... నేనెంత భయపడి చచ్చానో తెలుసా? మీకిదేం పని?"

ఆయన నవ్వలేదు. కుర్చీ పట్టుకుని మెల్లిగా కూలబడ్డాడు.

"ఆ రాత్రి నిచ్చెన తెమ్మన్నది నేనే ఓర్లీన్. వేలు ఆడించాను, వచ్చింది. పిల్లలు దాన్ని చూశారు. నేను గానీ ఆ వేలు ఆడించకుండా ఉంటే..." కర్రతో వల వైపు చూపించాడు. "వాళ్ళకి రావల్సిన వల అది. అందుకే ఒక్కొక్కడు పోయినప్పుడు వాడి పోగు కోసి, శవపెట్టెలో వాడి జేబులో పెట్టి పంపిస్తున్నాను. ఇంట్లోవాళ్ళు ముందు నాకు ఫోన్ చేస్తారు. ఊరికి తెల్లారి చెప్తారు. ఎవరితో అనొద్దని నేనే అడుక్కున్నాను."

"అంటే... ముందు చావు..."

"ఆ. తర్వాతే నిచ్చెన."

"మరి ఆ గురకో? ఊపిరందనట్టు..."

"నా తుంటి విరిగాక నేనెక్కలేకపోయాను. డెల్బర్ట్ ఎక్కేవాడు. ఆర్విల్‌ది కోసినప్పుడు రెండు మెట్లకోసారి ఆగాడు. వద్దురా అంటే వినలేదు."

చేపలు పడలేదు... ఓర్లీన్ మళ్ళీ నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే. ఎంత దొంగ! దగ్గొచ్చేదాకా నవ్వాడు, దెయ్యం తనే అయ్యుండి! ఇంటికెళ్ళగానే చెవి మెలేసి అడగాలనుకుంది.

అప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"కోచ్... ఇవాళ ఎవరికోసం వచ్చారు?"

ఆయన తల దించుకున్నాడు.

"ఎవరూ లేరుగా. అందరూ పోయారుగా. ఎవరికోసం కోచ్?"

"మార్లా ఫోన్ చేసింది తల్లీ. నీ ఫోన్ వంటింట్లోనే మోగుతోందట. నాన్న ముందే చెప్పి ఉంచాడట, మొదటి ఫోన్ నాకే అని."

"లేదు. నేనిప్పుడేగా వచ్చాను... ఐసు తెస్తానన్నాను. నిచ్చెన కట్టేశానుగా..." చేతికి చుట్టుకున్న తాడు చూపించింది ఆయనకి. "చూడండి, కట్టేశాను."

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పోయేముందు ఏమన్నా అన్నాడా?" అడిగింది ఓర్లీన్.

"అడక్కు."

"చెప్పండి కోచ్."

"'మీ అమ్మేది' అన్నాడట. ఐసు తేవడానికెళ్ళింది, వచ్చేస్తుందని చెప్పిందట మార్లా. 'వచ్చేదాకా ఉంటాలే' అన్నాడట."

ఓర్లీన్ అరిచిన అరుపుకి పైకప్పులో పావురాలన్నీ లేచాయి.

అవి మళ్ళీ సర్దుకున్నాక ముళ్ళు విప్పడం మొదలుపెట్టింది. తనే వేసిన ముళ్ళు, గోళ్ళు విరిగినా రాలేదు. కోచ్ జేబులోంచి కత్తెర తీసిచ్చాడు. రిబ్బను ముక్క ఇంకా దానికే ఉంది. తాడు కోసింది. ఇద్దరూ కలిసి నిచ్చెన రింగు కిందికి ఈడ్చారు. కర్ర్...

"నేనెక్కుతాను. మీరు పట్టుకోండి."

పైన తొమ్మిది పోగులు శుభ్రంగా తెగి ఉన్నాయి. పదోది మాత్రం వంకరటింకరగా, ఎన్నో కోతలు పడి ఉంది. వణుకుతున్న చెయ్యేదో కోసిన పోగది. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలుసు. దాని మీద ఒకసారి వేలు పెట్టి, పక్కదాన్ని పట్టుకుంది.

కిచ్.

వల ఒక్క కొక్కెం మీద జారి వేలాడింది.

"మీదెవరు కోస్తారు కోచ్?" అడిగింది కిందికి చూడకుండా.

"నాదెందుకమ్మా. మేం ఓడిపోయాంగా."

డెల్బర్ట్‌ని పూడ్చిన రోజు చర్చి వెనక హాల్లో అందరూ తలా ఒక కూరో రొట్టో తెచ్చిపెట్టారు. డార్సీ బీన్స్ గిన్నె బల్ల మీద పెట్టి, ఓర్లీన్ పక్కకి జరిగి, చెవిలో అంది:

"నీతో అనకూడదు గానీ... ఆ రాత్రి మళ్ళీ వినిపించిందట. మా అన్న వంతెన మీద ఉన్నాడు. నిచ్చెన చప్పుడట. ఈసారి ఆడదాని ఏడుపు కూడా ఉందట. ఎవరి దెయ్యమో మరి పాపం... గుండెలు పగిలేలా ఏడ్చిందట!"

"అవునట" అంది ఓర్లీన్. "నేనూ విన్నాను."