మొదటి కాపీ వెనక్కి రాలేదు

మా పరిచయమే గొడవతో మొదలైంది. నేను కోసిచ్చిన రికార్డును ఆవిడ చేత్తో పట్టుకొని, రెండంతస్తులు దిగి నా గదికే వచ్చింది.

"రెండో చరణంలో చిటుక్కుమంటోంది," అంది.

నాకేం వినపడలేదన్నాను.

"అందుకే మళ్ళీ కోయమంటున్నాను," అని వెళ్ళిపోయింది.

పాటను గాడిగా కోయడం నా పని. తిరిగే పళ్ళెం మీద సూదితో నేను కోసినదాన్నుంచే ఫ్యాక్టరీ వాళ్ళు అచ్చు తీసి వేలకొద్దీ రికార్డులు ఒత్తుతారు. కంపెనీలో నన్ను గీతల మాస్టారంటారు. నాకు పొగరని కూడా అంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు.

ఆవిడ శ్రోతల ఉత్తరాలకు జవాబులు టైపు చేయడానికి ఆ కంపెనీలో చేరింది. జనం ఏం వినాలనుకుంటున్నారో ఆ ఉత్తరాల్లోనే పసిగట్టి, పదేళ్ళలో రికార్డుల విడుదల విభాగానికి అధిపతి అయింది. ఆ కుర్చీలో అంతకుముందు ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు. బిల్డింగు మొత్తానికీ మేడమ్ అంటే ఆవిడొక్కతే. మిగతా ఆడవాళ్ళు నెత్తి నెరిసినా "అమ్మాయ్"లే.

ఫ్యాక్టరీ నుంచి మొదటి కాపీ రాగానే ఆవిడ తలుపేసుకొని చివరిదాకా వినేది. ఆవిడ సంతకం పెట్టాకే మిగతావి ఒత్తాలి. రెండేళ్ళలో నా మొదటి కాపీ ఒక్కటీ గట్టెక్కలేదు. ప్రతిదీ ఓ చీటీతో తిరిగొచ్చేది. "జలుబు గాయనికా, మీ సూదికా?" అని ఒకసారి రాసింది. నేను మండిపడుతూ మెట్లెక్కేవాణ్ణి, వాదించి ఓడిపోయి, ఈలేసుకుంటూ దిగేవాణ్ణి. పోనుపోను వాదించడానికేమీ లేకపోయినా ఎక్కేవాణ్ణి. ఓ సాయంత్రం వానలో ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగుంటే, దాన్ని రికార్డుల పెట్టెకి పట్టి ఇద్దరం ముద్దగా తడిశాం. ఆవేళ ఆవిడ ఎంత నవ్విందో చెప్పలేను. నా పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

అంతలో జనరల్ మేనేజర్ రిటైరవుతున్నారనీ, ఆ పదవికి డైరెక్టర్లు ఆవిడ పేరే అనుకుంటున్నారనీ వార్త పొక్కింది. వాళ్ళకున్న అనుమానం ఒక్కటే, పెళ్ళి చేసుకొని మానేస్తుందేమోనని. అప్పటిదాకా ఆ కంపెనీలో పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళంతా అలాగే మానేశారు మరి.

ఆ వారం నేనో వెధవపని చేశాను. ఆఖరి గాడికీ లేబుల్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడ సూదితో రికార్డు నంబరు రాయాలి. నేను నంబరు రాసి, దాని పక్కనే బుల్లి అక్షరాల్లో "మేడమ్, ఈసారైనా బాగుందనండి" అని గీశాను. మొదటి కాపీ ఎలాగూ వెనక్కొస్తుంది, ఆవిడ చూసి తిడుతుంది, మళ్ళీ కోస్తాను. అదీ నా ధీమా.

ఆ కాపీ వెనక్కి రాలేదు.

పది రోజుల తర్వాత ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. లేబుల్ పక్కన ఆ రాతేమిటని నింపాదిగా అడిగాడు. అయిదు వేలు ఒత్తేశారట, దుకాణాలకు కూడా వెళ్ళిపోయాయట. ఒకటి ఛైర్మన్ గారి బల్ల మీదుందట. డైరెక్టర్ల మీటింగు ఆ రోజే, పదకొండింటికి.

ఆవిడ పదేళ్ళ కష్టాన్ని నా వెకిలి రాత ఒక్కపూటలో బూడిద చేయబోతోంది. తప్పంతా నాదేననీ, ఉద్యోగం మానేస్తున్నాననీ గబగబా కాగితం మీద రాసి, మూడేసి మెట్లు ఎక్కాను.

ఆవిడ ఫైలు సర్దుకుంటోంది. జరిగింది చెప్పి కాగితం చేతిలో పెట్టాను. "మీరు చూడకుండా సంతకం పెట్టారని చెప్పండి. నేనే మోసం చేశానని చెప్పండి."

"చూశాను," అంది.

"ఏం చూశారు?"

"రాత. చూసే సంతకం పెట్టాను. అంత బాగా కోసినదాన్ని వెనక్కి పంపడానికి మనసు రాలేదు. ఆ రాతని పోగొట్టుకోవడానికి అసలే రాలేదు."

"నాకు మీరంటే ఇష్టం మేడమ్," అన్నాను. అంతకన్నా తెలివైన మాట ఆ క్షణాన దొరకలేదు.

"అయిదు వేల కాపీల్లో చదివారుగా అందరూ," అని నా కాగితాన్ని ఫైల్లో పెట్టుకొని మీటింగుకు వెళ్ళిపోయింది.

వరండాలో బల్ల మీద గంటన్నర కూర్చున్నాను. బయట వాన. లోపల ఎవరో నవ్వినట్టు వినిపించింది. అది మంచి నవ్వో, ఎద్దేవానో తేల్చుకోలేక చచ్చాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఇచ్చారు," అంది.

కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అప్పుడు జరిగింది చెప్పింది. ఈ మేడమ్ ఎవరని ఛైర్మన్ గారు అడిగితే నేనే అందట. చూడలేదా అంటే చూశాననీ, రాసినవాడు నచ్చే వదిలాననీ అందట. అయితే పెళ్ళి చేసుకొని మానేస్తావన్నమాట, భార్యాభర్తలు ఇక్కడ కలిసి పనిచేయకూడదని రూలుంది కదా అన్నారట.

"ఒకరు మానేయాలనే ఉంది, అది ఆడమనిషే అవ్వాలని లేదన్నాను. రూల్సు పుస్తకం తెప్పించి రెండుసార్లు చదివారు. నిజమే సుమా అని నవ్వేశారు."

ఫైల్లోంచి నా రాజీనామా తీసింది. "తప్పంతా నాదే" అన్న చోట కొట్టేసి, పైన ఆవిడ చేతిరాతలో "వివాహం కారణంగా" అని ఉంది.

"మీరు ఒప్పుకుంటేనే అని చెప్పాను. మీ చేతిపని కోసం మూడు కంపెనీలు కాచుకొని ఉన్నాయి, తిండికి లోటుండదు. ఇష్టమైతే సంతకం పెట్టండి. లేదంటే చింపేసి పనిలోకి వెళ్ళండి, నేనేమీ అనుకోను," అంది. కలం మూత మాత్రం అప్పటికే తీసి ఉంది.

ఆ కారణం రాసి ఆ కంపెనీ వదిలిన మొదటి మగాణ్ణి నేనే. బల్ల మీదే పెట్టి సంతకం చేశాను. ఆవిడ కాగితాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పరీక్షగా చూసింది.

"తేదీ వేయలేదు."

"ఇవాళ్టిదా, పెళ్ళిదా?"

"ఇవాళ్టిదే వేయండి," అంది కలం మళ్ళీ నా చేతికిస్తూ. "పెళ్ళిది మా అమ్మనడిగి చెప్తాను."