పదహారో స్తంభం

"ఇది చదివితే మా తాతయ్య మంచం పడతాడు," అంది గైడమ్మాయి, నా చేతిలోని కాగితం లాక్కుని.

పేరైనా అడక్కుండా నా మీద వేసిన మొదటి నింద అది. నేను శాసనాలు చదివే ఉద్యోగిని. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఆ శివాలయం ముందు పెట్టే చరిత్ర బోర్డుకి నాలుగు వాక్యాలు రాసిమ్మని ఆఫీసువాళ్లు పంపారు.

మండపంలో పదిహేను స్తంభాలకు చక్కటి నగిషీలున్నాయి. పదహారోది బోడిగా ఉంది. శిల్పికి రోజూ నీళ్లు తెచ్చే అమ్మాయి ఒకరోజు రాలేదనీ, అతను ఉలి పక్కన పెట్టి మళ్లీ ముట్టలేదనీ కథ. గైడమ్మాయి తాతయ్య నలభై ఏళ్లు సందర్శకులకు అదే చెప్పి, ఆ పని మనవరాలికి అప్పగించాడు.

శాసనంలో మాత్రం రాయి బీట వారింది కాబట్టి చెక్కకుండా వదిలేశామని ఉంది. ఆమె లాక్కున్న కాగితంలో బోర్డు కోసం నేను రాసుకున్నదీ అదే.

"రాయికి బీట పడితే ఎవరికి కావాలండీ? మా కథకి జనం కళ్లు తుడుచుకుంటారు."

"జనం ఏడ్చారా లేదా అన్నది శాసనానికి అనవసరం."

"మీకసలు గుండె ఉందా, దాన్ని కూడా అచ్చు తీసి ఆఫీసులో ఇచ్చేశారా?"

తడి కాగితం రాతికి అతికించి, బ్రష్‌తో తట్టి, సిరా అద్ది అక్షరాల అచ్చు తీస్తాం. అది ఆరాలి. వాన పట్టుకుంది. మూడు రోజులు మండపంలోనే కూర్చుని ఆమె చెప్పే శిల్పి కథ ఆరుసార్లు విన్నాను. నాలుగోసారి నా కళ్లూ చెమర్చాయి. జల్లు కొట్టిందని బుకాయించాను.

మూడో సాయంత్రం నా బుద్ధి గడ్డి తింది. శిల్పి కథే శాసనంలో ఉన్నట్టు రాసి ఆమె చేతిలో పెట్టాను. మురిసిపోతుందనుకున్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

"ఇది అబద్ధం."

"మీ కథే కదా?"

"నేను ముందే 'అని చెప్పుకుంటారు' అంటాను. మీరు రాతి మీద ఉందని రాశారు. నా కోసం మీ పనిని మీరే పాడు చేసుకుంటే రేపు మిమ్మల్ని ఎలా గౌరవించను? ఉన్నదే రాయండి. తాతయ్యకి నేను చెప్పుకుంటాను."



బీట సంగతే రాసిన బోర్డు పెట్టిన రోజు తాతయ్య వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"నిజమేనర్రా," అన్నాడు తాపీగా. "ఆ కథ నేనల్లిందే."

"తాతయ్యా?"

"మీ అమ్మమ్మ ఇక్కడ టికెట్లిచ్చేది. నా వంక కన్నెత్తి చూసేది కాదు. ఈ స్తంభం దగ్గర నిలబెట్టి ఆ కథ చెప్పాను. పెళ్లికి ఒప్పుకుంది."

"అబద్ధమని అమ్మమ్మకి తెలీదా?"

"మర్నాడే కనిపెట్టేసింది. అయినా రోజూ వచ్చి వినేది." ఆయన నా వైపు తిరిగాడు. "నీ పని అయిపోయిందిగా అబ్బాయ్, ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

నేను సంచిలో బ్రష్ వెతుకుతున్నట్టు తల వంచాను.

"ఆయనకి కథలల్లడం రాదు తాతయ్యా," అంది ఆమె నన్ను వెనకేసుకొస్తూ.

"రాదు," అన్నాను ఆమె వైపు తిరిగి. "ఉన్నదున్నట్టు చెప్పడమే వచ్చు. మీరంటే నాకిష్టం. కావాలంటే రాసిస్తాను."

తాతయ్య జేబులోంచి ఆమె పెన్ను తీసి నాకందించింది.

"రాయండి. కింద నేనూ సంతకం పెడతాను."