అరవై అని రాసే చెయ్యి

ఈ ఎడారి రోడ్డు మీద టోలీ పెట్రోలు బంకు దాటి దక్షిణంగా రెండు మైళ్లు వెళ్లాక, ఎడమచేతి పక్కన ఒక దూరం బోర్డు ఉంటుంది. చీకటి పడ్డాక దాని మొహం చూడొద్దంటారు లారీలవాళ్లు. పగలు ఒక అంకె, రాత్రి ఒక అంకె... తెల్లారి వెళ్లి ముట్టుకుంటే వేలికి రంగు అంటుకునేదట.

రాసేదెవరో కూడా వాళ్లే చెప్పేస్తారు. యుద్ధం రోజుల్లో సైన్యం ఈ రోడ్డు వేసినప్పుడు మైళ్ల బోర్డులన్నీ చేత్తో రాసిన క్లారీ టోలీ అట. చచ్చాక కూడా బ్రష్ కింద పెట్టలేదట. ఏడడుగులుంటాడట. మొహం ఉండదట.

ఆ క్లారీ నా మొగుడు. నాకు తెలిసినంతలో అయిదడుగుల ఆరంగుళాలు, మొహం కూడా ఉండేది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, ఎత్తుకీ అదే లెక్క కాబోలు. బంకు నడిపేది నేనే, పేరు విన్నీ. ఈ కథ నా వంటగది బల్ల దగ్గర ఎన్ని నోళ్ల నుంచి విన్నానో! ఉప్పూకారం తీసేసి చెబుతాను, వినండి.

మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చిన మరుసటి ఏడు సంగతి. క్లారీ పోయి అప్పటికి రెండేళ్లు. ఆ బోర్డు కూడా ఆయన రాసిందే — 'కెటిల్ క్రీక్, 60 మైళ్లు'. ఏటా దానికి రంగు వేయడానికి ఆయన పాలసీసాల పెట్టె బోర్లించి ఎక్కేవాడు. అది ఊగకుండా కింద కూర్చుని రెండు చేతులా పట్టుకోవడం నా పని. పెళ్లయిన కొత్తలో మా షికారు అదే.

ఆ బోర్డుని పీకి పారేసి, కొత్త తెల్లరేకు మీద నల్లగా 97 అని రాసి పాతారు. రెండూ ఒకటే దూరం. అయినా మావాళ్లకి 97 అంటే మైళ్లే. రాత్రికి రాత్రి కెటిల్ క్రీక్ ముప్పై ఏడు మైళ్లు పారిపోయిందని నెల రోజులు నవ్వుకున్నారు.

ఒక పొద్దున ఆ నవ్వు ఆగిపోయింది. బోర్డు మీద 97 లేదు. 60 ఉంది. ఆరు మెడ కాస్త వెనక్కి వాలి... అచ్చం క్లారీ చేతిరాత.

ఈ దారిలో బోర్డులు చూసుకునేవాడు మర్వ్ పాష్కే. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. రోడ్డు గ్యాంగుల గుడారాల్లో పుట్టి పెరిగాడు, నాలుగు గోడల మధ్య పడుకోబెడితే నిద్రపట్టదు. పాపం, వాడు 60 చెరిపి 97 రాసేవాడు. రెండు రోజులాగి మళ్లీ 60 ప్రత్యక్షం. మళ్లీ చెరిపేవాడు. మళ్లీ 60.

అంతలో కుట్టుమిషన్లు అమ్ముకునే పట్నం మనిషొకడు అరవై అంటే కిలోమీటర్లనుకుని, ఉన్న పెట్రోలు చాల్లే అని బయల్దేరాడు. ముప్పై ఏడు కిలోమీటర్లు మిగిలుండగానే కారు ఆగిపోయింది. రాత్రంతా ఆవుల మధ్య కూర్చుని, తెల్లారాక దొరికిన లారీ ఎక్కి కెటిల్ క్రీక్ చేరి, రోడ్ల ఆఫీసుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు.

ఆఫీసు నుంచి మర్వ్‌కి నాలుగు లైన్లే వచ్చాయి. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ రోజు అంకె మారి ఉంటే ఈ రోడ్డు ఇంకొకరికి. మర్వ్‌కి ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలోని గోదాములో బోల్టులు సర్దే పని.

ఆ కాగితం పట్టుకుని వాడు నా వంటగదిలో కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఉరిశిక్ష పడ్డవాడు కూడా అంత నీరసంగా టీ తాగడు.

నెల్‌ని అడగమని లారీలవాళ్లెవరో సలహా ఇచ్చారు. నెల్ నా వంటమనిషి, నాకున్న ఒక్క స్నేహితురాలు. ఈ నేల మొదట్నుంచీ ఎవరిదో ఆ వరుముంగు ఆదివాసీల ఆడపడుచు. ఇసుక మీద అడుగు చూసి ఎవరు నడిచారో, ఎప్పుడు నడిచారో, ఏ కాలు నొప్పో చెప్పేస్తుంది. మర్వ్ ఆమెని బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. నెల్ వంగి కాసేపు నేల చూసింది. లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ దెయ్యం నిన్నేం చెయ్యదు నాయనా" అంది. "ఫ్లాస్కులో టీ పోసుకెళ్లి, రాత్రికి బండిలో కూర్చో."

పేరు చెప్పమని మర్వ్ ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. నెల్ వాళ్లలో పోయినవాళ్ల పేరు పలకకూడదు. ఆ సంగతి ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. పేరు పలకలేదంటే పోయినవాడేనని మర్వ్ తేల్చేసుకున్నాడు. ఉన్న కాస్త ధైర్యం అక్కడే ఆవిరైపోయింది.

గురువారం రాత్రి. రోడ్డుకి అవతల పొదల వెనక బండి పెట్టుకుని, దీపాలార్పి, మర్వ్ కూర్చున్నాడు.

పది దాటింది... పదకొండు దాటింది. ఒక పశువుల లారీ భూమి అదిరేలా వెళ్లిపోయింది. ఆ తర్వాత గాలి కూడా పడిపోయింది. ఫ్లాస్కులో టీ అయిపోయింది. కన్ను మూతపడుతోంది —

చుర్... చుర్... చుర్...

రేకు మీద బ్రష్ నడుస్తున్న చప్పుడు.

మర్వ్ తలెత్తి చూశాడు. బోర్డు ముందు తెల్లగా ఏదో నిలబడి ఉంది. పొడుగ్గా. బోర్డుకన్నా పొడుగ్గా! తల ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద ఉంది, కళ్లూ ముక్కూ లేవు. మర్వ్ చెయ్యి దానంతటదే వెళ్లి దీపాల మీట నొక్కింది.

వెలుగు పడింది. ఆ తెల్లటిది మెల్లగా ఇటు తిరిగింది...

ఈ దారిలో ఒక మర్యాద ఉంది. ఎదురుపడ్డవాళ్లకి స్టీరింగు మీంచి ఒక్క వేలు ఎత్తాలి. ఎత్తకపోతే పొగరుబోతు కింద జమకడతారు. ముచ్చెమటలు పోస్తున్నా, పళ్లు టకటక కొట్టుకుంటున్నా, అలవాటు చావదు కదా — మర్వ్ వేలు ఎత్తాడు.

అది బ్రష్ ఎత్తింది.

ఆ తర్వాత మర్వ్‌కి గుర్తున్నది తక్కువ. పావు మైలు వెనక్కి వెనక్కే నడిపాడట. బండి తిప్పుకుని ఎక్కడా ఆగకుండా కెటిల్ క్రీక్ చేరి అప్పుడు చూసుకుంటే మీటరు అరవై మైళ్లు చూపించిందట. ఇంతకన్నా రుజువేం కావాలి అంటారు లారీలవాళ్లు.

శుక్రవారం తెల్లారుతుండగా నా వంటగదికి వచ్చాడు. గుడ్లూ మాంసం ముందు పెడితే తాకలేదు. నా మొహంకేసి అదోలా చూస్తూ, ఏదో చెప్పబోయి మింగేసి, చివరికి నెమ్మదిగా అన్నాడు.

"మిసెస్ టోలీ, మీ ఆయన్ని చూశాను."

టీ కప్పు వాడి ముందుకి జరిపాను.

"ఆ అంకె నేను చెరపను. చనిపోయిన మనిషి అంత ఇష్టపడి రాయించుకుంటుంటే చెరపడానికి నేనెవణ్ణి? ఇన్‌స్పెక్టర్ని రానివ్వండి. ఆలిస్ స్ప్రింగ్స్ పంపితే పోతాను."

వాడికి ఈ రోడ్డు తప్ప ఇల్లూ వాకిలీ లేవని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది.

ఎందుకు సిగ్గంటే... ఇన్నేళ్లకి చెబుతున్నాను, నవ్వకండి. ఆ తెల్లటిది నా నైటీ. మొహం లేకపోవడమేమిటంటే దోమలకి చుట్టుకున్న పిండిసంచి గుడ్డ. ఏడడుగుల ఎత్తు మా పాలసీసాల పెట్టెది. బ్రష్ ఎందుకు ఎత్తానంటారా? దీపాలు కనబడితే చెయ్యెత్తడం నాకూ అలవాటే.

క్లారీ బోర్డుని చెత్తకుప్ప మీద చూసిన రోజున నేను దాన్ని మోసుకొచ్చి కోళ్లగూడు వెనక దాచుకున్నాను. ఆయన అంకె ఆ చోట లేకపోతే మనిషి రెండోసారి చచ్చినట్టనిపించింది. ఆయన దెయ్యమై తిరుగుతున్నాడని అందరూ అంటుంటే, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉండేది. శుక్రవారం ఆఫీసువాడు ఆ అంకె ఒక్కసారైనా చూడాలని మొండిగా వెళ్లాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ ఉత్తరం ఉత్త బెదిరింపే అనుకున్నాను గానీ, మర్వ్ రోడ్డు నిజంగానే పోతుందని నా మట్టిబుర్రకి తట్టనే లేదు.

అప్పటికప్పుడు పాత బోర్డు బయటికి తీశాను. పెళ్లాం చెరిపితే ఆయనకి కోపం రాదని వాడికి నచ్చజెప్పి, పట్టపగలు నా చేత్తోనే 60 చెరిపి 97 రాశాను. కింద క్లారీ బోర్డుని మర్వ్ మేకులు కొట్టి తగిలించాడు. ఇన్‌స్పెక్టరు కారు మీటరుతో కొలిచి, కాగితం మీద గుణించి, రెండూ సరిగ్గానే ఉన్నాయని తల గోక్కుని వెళ్లిపోయాడు. మర్వ్ రోడ్డు మర్వ్‌కి దక్కింది. దెయ్యం మళ్లీ రాలేదు.

ఒక్క నెల్ మాత్రం ఆ శుక్రవారం బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి, వంగి నేల చూసొచ్చి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలిగిందనుకున్నాను.

కిందటి చలికాలం మర్వ్ వచ్చాడు. ఉద్యోగం ముగించి, మనవళ్లని ఎత్తుకుని, జుట్టంతా నెరిసి. టీ తాగుతూ నా గొప్ప నేరం చెప్పేశాను. నైటీ, పిండిసంచి, పెట్టె, అన్నీ. పడీపడీ నవ్వుతాడనుకున్నాను.

"నాకు తెలుసు, మిసెస్ టోలీ. దీపాలు వేసినప్పుడే మిమ్మల్ని పోల్చుకున్నాను. మీ నైటీ ఎన్నిసార్లు తీగ మీద ఆరేసి ఉంటే చూడలేదు?"

"మరి అరవై మైళ్లు ఎందుకు పారిపోయావు రా?"

కప్పు కింద పెట్టాడు. గొంతు తగ్గించి —

"మీ ఆయన్ని చూశానని అప్పుడే చెప్పాను కదా. కింద కూర్చుని రెండు చేతులా పెట్టె పట్టుకున్నాడు."

వాడు చిన్నప్పట్నుంచీ కొంటెవాడే. నన్ను ఆటపట్టించడానికే అన్నాడని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాను.

కానీ ఆ పెట్టెకి ఒక మూల విరిగి ఉంది. ఎక్కిన ప్రతి రాత్రీ ఊగేది, రెండుసార్లు పడ్డాను కూడా.

ఆ గురువారం ఊగలేదు.